వరుసలో ఒక్కటి, దర్బారులో రెండు

శుక్రవారం మధ్యాహ్నం క్యాంపు పక్కన మసీదులో జుమా నమాజుకు వరుసలు కడతారు. రాయచోటి నుంచి వచ్చిన మేస్త్రీ పక్కన బంగ్లాదేశ్ క్లీనర్, అతని పక్కన ఈజిప్టు ఫోర్‌మన్, వెనక వరుసలో పెషావర్ డ్రైవర్, ఆ పక్కనే కువైటీ పెద్దాయన. భుజానికి భుజం ఆనించి నిలబడతారు. నువ్వు ఏ దేశం వాడివి, జీతం ఎంత అని అక్కడ ఎవరూ అడగరు. నమాజు ముగిసి చెప్పులు వేసుకునేసరికి వరుస చెదిరిపోతుంది. బంగ్లా వాళ్లు బంగ్లా మెస్సుకు, పాకిస్తానీలు తమ గదికి, మనవాళ్లు మన గదికి. మళ్లీ వచ్చే శుక్రవారం దాకా ఒకరి పేరు ఒకరికి తెలియదు.

ఇది కొత్త సంగతి కాదు. ఒకే వరుసలో నమాజు చేసి, బయటికొచ్చాక రెండు ముఠాలుగా చీలిపోయి, చివరికి ఒక రాజ్యాన్నే పోగొట్టుకున్న ముస్లింల చరిత్ర మన దక్కన్‌లోనే ఉంది. అందులో ముఖ్యమైన ఘట్టం జరిగింది ఎక్కడో కాదు, బొమ్మలకు పేరు పొందిన మన కొండపల్లిలో. ఆ కథ మన క్యాంపు గదుల్లో కూడా చెప్పుకోదగ్గది.

కాబా పైన నల్లజాతి గొంతు

ముందు మూలం దగ్గరికి వెళ్దాం. హజ్రత్ బిలాల్ (రజి) హబ్షా, అంటే నేటి ఇథియోపియా మూలాలున్న నల్లజాతి మనిషి. మక్కాలో ఉమయ్యా బిన్ ఖలఫ్ అనే ధనికుడి దగ్గర బానిస. ఇస్లాం స్వీకరించినందుకు ఎండలో కాలే ఇసుక మీద పడుకోబెట్టి, ఛాతీ మీద బండ పెట్టి హింసించారు. హజ్రత్ అబూబకర్ (రజి) ఆయన్ను కొని విడిపించారు. మదీనాలో మొదటి అజాన్ ఇచ్చింది ఆ బిలాలే. క్రీ.శ. 630లో ముస్లింలు మక్కాను గెలిచినప్పుడు, కాబా కప్పు ఎక్కి అజాన్ ఇమ్మని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆయనకే చెప్పారు. నిన్నటి బానిస తమ పవిత్ర గృహం పైన నిలబడటం ఖురైష్ పెద్దల్లో కొందరికి మింగుడు పడలేదని చరిత్ర గ్రంథాలు చెబుతాయి.

ప్రవక్త (స) సహచరుల్లో ఇరాన్ నుంచి వచ్చిన సల్మాన్ ఉన్నారు, 'రూమీ' అని పిలిచిన సుహైబ్ ఉన్నారు. 632లో చివరి హజ్ సందర్భంగా చేసిన ప్రసంగంలో ప్రవక్త (స) ఈ మాట స్పష్టం చేశారు. అరబ్బుకు అరబ్బు కానివాడి మీద గానీ, తెల్లవాడికి నల్లవాడి మీద గానీ ఏ ఆధిక్యమూ లేదు, దైవభీతి ఒక్కటే కొలమానం.

సూత్రం అంత స్పష్టంగా ఉంది. మరి ఆచరణ?

బస్రా వర్తకుడు, బీదర్ సింహాసనం

1347లో దక్కన్‌లో బహమనీ రాజ్యం ఏర్పడింది. మొదట గుల్బర్గా, తర్వాత బీదర్ రాజధాని. తెలంగాణలో చాలా భాగం ఆ రాజ్యం కింద ఉండేది. అక్కడి ముస్లిం ఉద్యోగుల్లో రెండు వర్గాలు తయారయ్యాయి. ఉత్తర భారతం నుంచి ముందే వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడినవాళ్లు దక్కనీలు. ఇరాన్, ఇరాక్, తుర్కుల దేశాల నుంచి సముద్రం దాటి కొత్తగా వచ్చినవాళ్లు ఆఫాఖీలు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే లోకల్ వాళ్లు, ఫారిన్ వాళ్లు. ఆఫ్రికా నుంచి బానిసలుగా, సైనికులుగా వచ్చిన హబ్షీలు ఎక్కువగా దక్కనీల పక్షాన ఉండేవారు. ఆఫాఖీల్లో చాలామంది షియాలు, దక్కనీల్లో ఎక్కువమంది సున్నీలు. దాంతో జాతి తగవుకు మత శాఖల తగవు తోడయింది.

అప్పట్లో ఉద్యోగం కోసం మనుషులు ఇటు నుంచి అటు, అంటే ఈ గల్ఫ్ తీరాల నుంచి మన దక్కన్‌కు వచ్చేవారు. కువైట్‌కు ఉత్తరాన ఉన్న బస్రా నుంచి వచ్చిన ఖలఫ్ హసన్ అనే వర్తకుడు 1422లో అహ్మద్ షా సుల్తాన్ కావడానికి సాయపడి, రాజ్యంలో పెద్ద పదవి పొందాడు. బయటి నుంచి వచ్చినవాడు తమ నెత్తిన కూర్చున్నాడని దక్కనీలకు కోపం. ఈ మోటువాళ్లకు మర్యాద తెలియదని ఆఫాఖీలకు చులకన.

తర్వాతి సుల్తాన్ ఒక ఏర్పాటు చేశాడు. దర్బారులో సింహాసనానికి కుడి పక్కన ఆఫాఖీలు నిలబడాలి. ఎడమ పక్కన దక్కనీలు, హబ్షీలు నిలబడాలి. మసీదులో ఒకే వరుసలో నిలబడిన మనుషులే దర్బారుకు వచ్చేసరికి రెండు వరుసలయ్యారు. ఎడమ పక్క నిలబడినవాడికి ఆ అవమానం రోజూ గుచ్చుకునేది.

ఫలితం ఎక్కువ కాలం పట్టలేదు. పదిహేనో శతాబ్దం మధ్యలో కొంకణ్ అడవుల్లో ఖలఫ్ హసన్ సైన్యం శత్రువుల చేతికి చిక్కి చాలావరకు నాశనమైంది. ఆయనా చనిపోయాడు. ప్రాణాలతో బయటపడిన ఆఫాఖీలు పుణె దగ్గర చాకణ్ కోటలో తలదాచుకున్నారు. వాళ్లు రాజద్రోహం తలపెట్టారని దక్కనీ సర్దార్లు సుల్తాన్‌కు ఉత్తరాలు రాశారు. సుల్తాన్ విచారించకుండానే నమ్మాడు. చాకణ్‌లో పెద్ద ఎత్తున ఊచకోత జరిగింది. తప్పించుకున్నవాళ్లు బీదర్ చేరి నిజం చెప్పాక, ఈసారి దక్కనీ సర్దార్లకు శిక్షలు పడ్డాయి. చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ ఒకే కిబ్లా వైపు తిరిగి నమాజు చేసినవాళ్లే.

కొండపల్లిలో పడిన కత్తి

ఈ పుండును మాన్పాలని చూసినవాడు ఒకడున్నాడు. పేరు మహ్మూద్ గవాన్. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వ్యాపారం మీద బీదర్ వచ్చి, అంచెలంచెలుగా ప్రధానమంత్రి అయ్యాడు. 1472లో బీదర్‌లో ఆయన కట్టించిన మదర్సా శిథిలాలు నేటికీ నిలిచి ఉన్నాయి. హైదరాబాద్ నుంచి బస్సెక్కితే మూడు నాలుగు గంటల్లో చేరుకోవచ్చు.

గవాన్ స్వయానా ఆఫాఖీ. అయినా తనవాళ్లకే పదవులు పంచుకోలేదు. నాలుగు రాష్ట్రాలను ఎనిమిదిగా విడదీసి, వాటి అధికారాలు ఆఫాఖీలకూ దక్కనీలకూ సమంగా దక్కేలా చూశాడు. ఒక్కొక్క గవర్నరు చేతిలో ఎక్కువ కోటలు లేకుండా చేశాడు. దీనివల్ల అధికారం తగ్గిన సర్దార్లకు ఆయన మీద పగ పెరిగింది.

1481లో సుల్తాన్ మూడో మహమ్మద్ షా కోస్తా దండయాత్రలో ఉండి, కొండపల్లిలో మకాం వేశాడు. గవాన్ శత్రువులు ఆయన ముద్ర దగ్గరుండే మనిషిని మంచి చేసుకుని, ఒక ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. దాని మీద ఒరిస్సా రాజుకు గవాన్ రాసినట్టుగా ఒక ఉత్తరం సృష్టించారు. మన రాజ్యం మీద దండెత్తి రండి అని దాని సారాంశం. మత్తులో ఉన్న సుల్తాన్ చేతికి ఆ ఉత్తరం అందింది. గవాన్‌ను పిలిపించాడు. ముద్ర నాదే, రాత నాది కాదు అని గవాన్ చెప్పుకున్నా వినలేదు. డెబ్బయ్యేళ్ల ముసలి మంత్రిని 1481 ఏప్రిల్ 5న కొండపల్లిలోనే నరికించాడు.

నిజం తెలిసి సుల్తాన్ కుమిలిపోయాడంటారు. ఏడాది తిరగకముందే ఆయనా చనిపోయాడు. ఆ తర్వాత బహమనీ రాజ్యం నిలబడలేదు. బీజాపూర్, అహ్మద్‌నగర్, బీరార్, బీదర్, గోల్కొండ అని అయిదు ముక్కలైంది. మన గోల్కొండ కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ కూడా ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చిన ఆఫాఖీయే.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. చాకణ్‌లో ఉత్తరం, కొండపల్లిలో ఉత్తరం. రెండుచోట్లా చంపింది అబద్ధపు కాగితమే. కానీ ఆ కాగితానికి అంత బలం ఎక్కడిది? 'వాళ్లు అలాంటివాళ్లే' అని ముందే మనసులో రాసి పెట్టుకున్నవాడికి ఎవరేం రాసిచ్చినా నిజంలాగే కనబడుతుంది. కుడి పక్క, ఎడమ పక్క అని గీత గీసిన రోజే ఆ ఉత్తరం సగం రాసినట్టయింది.

బానిసగా వచ్చి రాజ్యం నడిపినవాడు

అయితే దక్కన్ చరిత్రలో దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఆయన మలిక్ అంబర్. దాదాపు 1548లో ఇథియోపియాలో పుట్టాడు. చిన్నతనంలోనే బానిసగా అమ్ముడుపోయాడు. అరబ్ దేశాల్లో యజమానుల చేతులు మారి, బాగ్దాద్ మీదుగా చివరికి దక్కన్ చేరాడు. ఇక్కడ ఆయన్ను కొన్నది అహ్మద్‌నగర్ మంత్రి చెంగిజ్ ఖాన్. ఆ మంత్రి కూడా హబ్షీయే, ఒకప్పుడు బానిసే. యజమాని చనిపోయాక అంబర్ స్వేచ్ఛ పొంది, చిన్న దళాన్ని కూడగట్టుకుని ఎదిగాడు.

1600లో అహ్మద్‌నగర్ కోట మొగలుల చేతిలో పడింది. రాజ్యం పోయిందని అందరూ అనుకున్న సమయంలో అంబర్ నిజాంషాహీ వంశపు యువకుణ్ణి సింహాసనం ఎక్కించి, తన కూతురిని ఇచ్చి పెళ్లి చేశాడు. పాతికేళ్లపాటు మొగలులను దక్కన్‌లో ముందుకు కదలనివ్వలేదు. ఆయన సైన్యంలో హబ్షీలు, దక్కనీలు, మరాఠాలు కలిసి పోరాడారు. శివాజీ తండ్రి షాజీ భోంస్లే ఆ పక్షాన పోరాడినవాడే. 1610లో అంబర్ కట్టించిన ఖడ్కీ పట్టణమే తర్వాత ఔరంగాబాద్ అయింది. భూమి శిస్తును న్యాయంగా లెక్కగట్టి రైతులకు మేలు చేశాడని పేరు. 1626లో చనిపోయాడు. సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది.

మొగల్ చక్రవర్తి జహంగీర్ కూడా ముస్లిమే. అయినా తన రాతల్లో అంబర్‌ను ఆయన రంగు పేరు పెట్టి తిట్టాడు. యుద్ధంలో అందని శత్రువు తలను బాణంతో కొడుతున్నట్టు బొమ్మ వేయించుకున్నాడు. అంటే రంగు పట్టింపు అప్పటి ముస్లిం రాజుల్లోనూ ఉంది. మతం ఒకటి అయినంత మాత్రాన అది దానంతట అది పోదు. అంబర్ దగ్గర పనికొచ్చింది మనిషి సత్తా. అందుకే ఆయన వెంట అన్ని రకాల మనుషులూ నిలబడ్డారు.

బర్కస్, ఏసీ గార్డ్స్

హైదరాబాద్ వెళ్లినవాళ్లకు చాంద్రాయణగుట్ట దగ్గర బర్కస్ తెలిసే ఉంటుంది. ఇంగ్లీషు మాట 'బ్యారక్స్' జనం నోట్లో బర్కస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన అరబ్బుల వారసులు అక్కడ ఉంటారు. వీళ్లను చావుష్‌లంటారు. హద్రమౌత్‌లో కరవు, హైదరాబాద్‌లో జీతం. మన కడప, రాయచోటి, రాజంపేటల నుంచి జనం కువైట్ విమానం ఎక్కిన కారణమే నూట యాభై రెండు వందల ఏళ్ల కిందట వాళ్లను ఓడ ఎక్కించింది. వాళ్లలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే జమాదారు హైదరాబాద్‌లో సంపాదించిన సొమ్ముతో అతని కుటుంబం హద్రమౌత్‌లో ఏకంగా ఒక రాజ్యమే స్థాపించింది. ఆ ఖుఐతీ రాజ్యం 1967 దాకా నిలిచింది. పరదేశం నుంచి పంపిన డబ్బుతో ఇల్లు కట్టుకున్నవాళ్లను చూశాం, రాజ్యం కట్టుకున్నది వీళ్లే.

మాసబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. ఏసీ అంటే ఎయిర్ కండిషన్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం గుర్రపు దళంలో పనిచేసిన సిద్దీల వారసులు అక్కడ ఉంటారు. ఆ దళం మొదట వనపర్తి సంస్థానం నుంచి వచ్చిందని చెబుతారు.

అరబ్బులూ సిద్దీలూ ఒకే నిజాంకు కాపలా కాశారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత నిజాం సైన్యం రద్దయింది. ఇద్దరికీ కొలువులు పోయాయి. 1970ల నుంచి బర్కస్ కుటుంబాల మగవాళ్లు ఎందరో గల్ఫ్ బాట పట్టారు. నేడు హైదరాబాద్ పెళ్లిళ్లలో మోగే మర్ఫా వాయిద్యం మాత్రం అరబ్బు, ఆఫ్రికా మూలాలు రెంటినీ కలిపి ఉంచింది. డప్పు మోగితే ఇది ఎవరిది అని ఎవరూ అడగరు.

మన ఊళ్లో మాట

దక్కనీ, ఆఫాఖీ అని రాజుల కథలు చెప్పుకుంటూ మన ఇంటి సంగతి మరిచిపోకూడదు. మన ఊళ్లలో సయ్యద్, షేక్, పఠాన్, దూదేకుల అని తేడాలు లేవా? దూదేకుల వాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారని చిన్నచూపు చూసినవాళ్లు లేరా? మసీదులో పక్కపక్కన నిలబడి, సంబంధం మాట వచ్చేసరికి వెనక్కి తగ్గినవాళ్లు లేరా?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వెనుకబడిన ముస్లింలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. అందులోని బీసీ-ఈ జాబితా చదివితే ఈ విషయం అర్థమవుతుంది. అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, ఖురేషీలు, షేకులు, వాళ్లతోపాటు సిద్దీలు కూడా ఉన్నారు. సయ్యద్‌లు, మొగల్‌లు, పఠాన్‌లు, అరబ్బులు, ఇరానీలను జాబితాలో చేర్చలేదు. నిజాం వాకిట్లో పక్కపక్కన కాపలా కాసిన అరబ్బు, సిద్దీలలో ఒకరు బయట, ఒకరు లోపల. ఈ చట్టం మీద కోర్టుల్లో కేసులు నడిచాయి. కానీ వరుసలో ఒక్కటైనవాళ్లు బతుకులో ఒక్కటి కాలేదని ప్రభుత్వ కాగితమే ఒప్పుకున్నట్టయింది.

1964: మక్కాలో ఒక అమెరికన్

అమెరికాలో నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ తెల్లవాళ్లంతా పుట్టుకతోనే దుర్మార్గులని బోధించే సంస్థలో చాలా ఏళ్లు పనిచేశాడు. 1964లో దాన్ని వదిలి హజ్‌కు వెళ్లాడు. అక్కడ తెల్లచర్మం, నీలికళ్లున్న ముస్లింలతో కలిసి ఒకే పళ్లెంలో తిన్నాడు, ఒకే తివాచీ మీద పడుకున్నాడు. తన అభిప్రాయం మారిందని మక్కా నుంచి స్నేహితులకు ఉత్తరాలు రాశాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆయన్ను కాల్చి చంపారు.

చాలామంది ఇంతవరకే చెబుతారు. ఆయన ఇంకో సంగతి కూడా గమనించాడు. హజ్‌లో ఎవరూ బలవంతం చేయకపోయినా, ఒకేలా కనబడే మనుషులు ఒకచోట చేరుతున్నారని తన ఆత్మకథలో చెప్పాడు. మన క్యాంపులో మెస్సులు విడిపోయేది కూడా అలాగే. భాష కలిసినవాడి దగ్గరికి, కూర రుచి కలిసినవాడి దగ్గరికి మనిషి పోతాడు. అందులో తప్పు లేదు. ఆ తర్వాత పక్క మెస్సు వాణ్ణి ఎలా చూస్తామన్నదే అసలు ప్రశ్న.

కువైట్ చూపిన దారి

కువైట్ కూడా ఒకే రక్తం నుంచి పుట్టిన దేశం కాదు. నజ్ద్ నుంచి వచ్చిన అరబ్బులు, ఇరాన్ తీరం నుంచి వచ్చిన అజమ్‌లు, ఆఫ్రికా మూలాలున్నవాళ్లు, అందరూ కలిసిందే కువైటీ సమాజం. చమురుకు ముందు ఇక్కడి ఓడలు ఖర్జూరం వేసుకుని బొంబాయి, కాలికట్ వెళ్లి టేకు కర్ర, బియ్యం తెచ్చేవి. 1961లో దినార్ వచ్చేదాకా ఇక్కడ చెల్లింది రూపాయే.

2015 జూన్ 26, రంజాన్ నెల శుక్రవారం. కువైట్ సిటీలోని ఇమామ్ సాదిఖ్ మసీదులో జుమా నమాజు వేళ ఒక ఆత్మాహుతి దుండగుడు పేల్చుకున్నాడు. 27 మంది చనిపోయారు, 200 మందికి పైగా గాయపడ్డారు. అది షియాల మసీదు. షియాలను, సున్నీలను విడదీసి దేశాన్ని రగిలించడమే దాడి చేయించినవాళ్ల ఉద్దేశం. చనిపోయినవాళ్లలో కువైటీలతో పాటు ఇరానీలు, ఇద్దరు భారతీయులు కూడా ఉన్నారు. బాంబు పాస్‌పోర్టు చూడలేదు.

అప్పటి అమీర్ షేక్ సబాహ్ కొద్దిసేపట్లోనే ఆ మసీదుకు స్వయంగా వెళ్లారు. మృతుల కోసం సంతాప సభను సున్నీల ప్రధాన మసీదు అయిన గ్రాండ్ మాస్క్‌లో ఏర్పాటు చేశారు. తర్వాతి శుక్రవారం, జులై 3న, అదే గ్రాండ్ మాస్క్‌లో షియాలు, సున్నీలు కలిసి జుమా నమాజు చేశారు. అమీర్ కూడా ఆ వరుసలో నిలబడ్డారు. చాకణ్‌లో, కొండపల్లిలో సుల్తానులు చేసినదానికి ఇది పూర్తిగా విరుద్ధం. అక్కడ పాలకుడు పుకారు విని కత్తి దూశాడు. ఇక్కడ పాలకుడు దుండగుడు కోరుకున్న చీలికకు చోటివ్వలేదు.

మనం చేయగలిగింది

సోదరులారా, మనం సుల్తానులం కాదు, అమీర్లం కాదు. మన చేతిలో ఉన్నది ఒక గది, ఒక మెస్సు, ఒక ఫోను. కానీ కొండపల్లి ఉత్తరం లాంటివి నేడు ఆ ఫోనులోకే వస్తున్నాయి. ఫలానా దేశం వాళ్లు దొంగలు, ఫలానా వాళ్లు ఫోర్‌మన్‌కు చాడీలు చెబుతారు, ఫలానా వాళ్ల వల్లే మన ఓవర్‌టైం పోయింది. ఎవరు రాశారో తెలియదు, ముద్ర ఎవరిదో తెలియదు. చదవగానే 'వాళ్లు అలాంటివాళ్లే' అనిపిస్తే, తప్పు ఆ ఉత్తరంలో ఉన్నంతే మన మనసులోనూ ఉంది. పదిమందికి పంపే ముందు, ఆ దేశం వాణ్ణి ఒక్కణ్ణి అడిగి చూడండి. మహమ్మద్ షా ఆ రోజు ఒక్కరిని సరిగ్గా విచారించి ఉంటే గవాన్ బతికేవాడు.

రంజాన్‌లో ఇఫ్తార్ టెంట్లకు వెళ్లినవాళ్లకు తెలుసు. నేల మీద పొడుగ్గా పరిచిన సుఫ్రా, ఎదురెదురుగా కూర్చున్న పది దేశాల మనుషులు, మధ్యలో ఒకే పెద్ద పళ్లెం. పక్కన కూర్చున్నవాడి భాష రాకపోయినా ఖర్జూరం చేతికి అందిస్తాం. ఆ నెల గడిచాక ఆ అలవాటు ఎందుకు ఆపాలి?

ముస్లిం కాని మిత్రులకు కూడా ఇదే మాట. ఇది ముస్లిం రాజ్యాల కథ కావచ్చు. కులం, ప్రాంతం, భాష పేర్లతో మనలో ఉన్న కుడి ఎడమ వరుసలు మాత్రం అందరివీ.

వచ్చే శుక్రవారం నమాజు అయ్యాక చెప్పులు వేసుకునే ముందు పక్కన నిలబడినవాడిని పేరు అడగండి, ఊరు అడగండి. ఇంట్లో ఎవరెవరున్నారో అడగండి. రేపు వాడి గురించి ఎవరైనా ఏదైనా చెప్పినా, రాసినా, ఆ మాట నిజమో కాదో తెలుసుకోవడానికి మీకు ఒక మనిషి ఉంటాడు. బీదర్ దర్బారులో కుడి పక్కవాడికి ఎడమ పక్క అలాంటి మనిషి ఒక్కడూ లేకపోయాడు.